ఎడమ పురి

యెల్ నుంచి అన్‌స్ట్‌కి పడవ పది నిమిషాలే.
దిగేసరికి మాన్సీ కొట్టం తలుపు గాలికి కొట్టుకుంటోంది,
లోపల రంపపు పొట్టు వాసన.
చెట్టు మొలవని దీవులు మావి,
కర్ర అంటే సముద్రం ఒడ్డుకు తోసిందే,
లేదా డబ్బిచ్చి తెప్పించుకున్నదే.

పాత రాట్నం చక్రం చీలిపోయిందని చెప్పాను.
"ఎన్నేళ్ళది?"
"నాకంటే పెద్దది."
"అయితే కీళ్ళ నొప్పులు నీకూ ఉన్నాయా ఓస్లా" అని నవ్వాడు.
నిజం చెప్పొద్దూ, కుడి మోకాలు
మెట్టెక్కినప్పుడల్లా నన్ను పేరు పెట్టి తిడుతుంది.

మొదటిది రెండు కాళ్ళతో తొక్కేది.
మేపుల్ కర్ర, తేనె రంగు నూనె పూత.
కదురును పట్టుకునే రెండు నిలువు కర్రల్నీ మేం కన్నెలంటాం,
వాటిని మోసే అడ్డపట్టీని తల్లి అంటాం.
కన్నెలూ తల్లీ ముగ్గురూ
ఎవరి చెమటా అంటకుండా మెరుస్తున్నారు.
తొక్కితే చప్పుడే లేదు.
యాభై ఏళ్ళు ఆ కిర్రుతోనే లెక్కపెట్టుకున్నాను
ఎన్ని తొక్కులకి ఎంత పురో.
చప్పుడు లేకపోతే
అలిగిన మనిషితో భోజనానికి కూర్చున్నట్టుంది.

రెండోది మడిచి సంచిలో పెట్టుకునేది.
"విమానంలో కూడా తీసుకెళ్ళొచ్చు."
నేనెక్కడికి వెళ్తాను మాన్సీ,
నా పదకొండు గొర్రెలూ ఇక్కడుంటే?

మూడోదాని మీద గోనె కప్పి ఉంది.
తీయకముందే తెలిసింది.
గోనె కింద కనబడుతున్న తొక్కుడు పలక
ఎడమ పక్కన అరిగి పల్లమైంది,
జెమైమా మౌఆట్ పాదం అంత పల్లం.
పోయిన చలికాలంలో పోయింది ఆమె.

కండె మీద సగం దారం అలాగే ఉంది.
వెంట్రుక కన్నా సన్నం. ఎడమ పురి.
మా దీవి మొత్తంలో ఎడమ పురి వడికేది ఆమె ఒక్కతే.
ఎందుకని అడిగితే
"చెయ్యి అలా పోతుంది" అనేది.

ఇరవై రెండేళ్ళు మాట్లాడుకోలేదు మేము.
ఆగస్టు సంతలో శాలువాల పోటీ,
పెళ్ళి ఉంగరంలోంచి దూరాలి శాలువా.
నాది దూరింది.
ఆమెది ఒక ముడి దగ్గర తట్టుకుంది.
నేను నవ్వాను.
అంతే, అంతకంటే ఏమీ లేదు.
నవ్వింది నేనొక్కదాన్నే కాదు కానీ
ఆమెకి వినబడింది నా నవ్వే.

"మంచి రాట్నం, సగం ధరకిస్తా."
కూర్చుని కాలు పెట్టి చూశాను.
నా మడమ ఆమె మడమ గుంటలో ఇమడలేదు,
కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో
చీకట్లో స్విచ్చి వెతుక్కున్నట్టు.

చప్పుడు లేనిదే కొన్నాను.
మోకాలు చెప్పింది, నేను విన్నాను.
"మరి ఇది?" అని కండె చూపించాను.
"దానికేం ధర!" అంటూ
మాన్సీ దాన్ని నా కోటు జేబులో వేశాడు.
తిరుగు పడవలో చెయ్యి బయటికి తియ్యలేదు.

ఆదివారం నా బూడిదరంగు ఏకులు తీసి
కొత్తదాని మీద ఒక కండె వడికాను.
మొదటి నాలుగు గజాలు గొంగళి పురుగుల్లా ఉబ్బాయి.
తర్వాత, ఎవరూ చూడటం లేదు కదా అని,
నాదొక పేట, ఆమెదొక పేట
కలిపి పేనడం మొదలుపెట్టాను.

కలవవు అవి. తెలిసే చేశాను.
కుడికి తిప్పితే నేను బిగుస్తాను,
ఆమె వదులై ఎక్కడో తెగుతుంది.
ఎడమకి తిప్పాను.
ఆమె దారం తీగలా బిగిసి నిలబడింది,
నాది పురి విప్పుకుని దాని చుట్టూ
వంకీలు వంకీలుగా పాకింది.
సంతలో జడ్జీ చూసుంటే పక్కకి విసిరేసేవాడు.

నలభై గజాల దగ్గర ఆపేశాను.
ఆమె కండె ఇంకా చాలా ఉంది.
వచ్చినదాంతో చేతి తొడుగుకి
బొటనవేలు అల్లాను, కుడి చేతిది.
తెల్లారి గొర్రెల దొడ్డి గొళ్ళెం తీసేటప్పుడు
చల్లని ఇనుముకి
ముందు తగిలేది అదే.